నాలుగో పిడికెడు

మీ అమ్మమ్మలు, నాయనమ్మలు చెప్పే ఆచారాలను ఫోన్లలో రికార్డు చేసి పుస్తకంగా వేయబోతున్నారని విన్నాను. ముందుమాట రాయమని అడిగారు. ముందుమాటలు రాయడం నాకు చేతకాదు. అందుకు బదులుగా, నేను కూర్చిన ఒకే ఒక పుస్తకంలో జరిగిన తప్పు గురించి రాస్తాను. ముప్పై రెండు పేజీల పుస్తకం, రెండు వందల ప్రతులు వేశాం. తప్పు పద్నాలుగో పేజీలో ఉంది. అచ్చుతప్పు కాదు. అచ్చుతప్పులు లేవని నాలుగుసార్లు సరిచూశాను.

క్లాంగ్‌లో ఒక కళాశాల గ్రంథాలయంలో ముప్పై మూడేళ్ళ రెండు నెలలు పనిచేశాను. కొత్తగా వచ్చిన పుస్తకం దేని గురించో తేల్చి, దానికి సంఖ్య వేసి, అలమరలో చోటు చూపించడం నా పని. ఒక పుస్తకానికి ఒకే చోటు. రెండు విషయాలున్న పుస్తకమైనా సరే, ఏదో ఒక వైపు మొగ్గక తప్పదు. రోజుకు పద్దెనిమిది పుస్తకాల చొప్పున ముప్పై ఏళ్ళు అలా మొగ్గుతూ వస్తే మనిషికి అదే బుద్ధి అవుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

2015లో మా గ్రంథాలయం చుట్టుపక్కల జనాల ఆచారాల మీద చిన్న పుస్తకాలు తేవాలనుకుంది. మా పై అధికారి మలయ్ ఆవిడ, నాకంటే పదకొండేళ్ళు చిన్న. నన్ను పిలిచి, "పువాన్, ఇక్కడ తెలుగు రాయగలిగేది మీరొక్కరే. మీదొకటి ఉండాలి లా" అంది. మర్యాదకు మన మలేషియాలో ఆడవాళ్ళను పువాన్ అంటారని మీకు తెలుసు. ఆ లా ఎందుకంటారో ఎవరికీ తెలియదు.

నేను సుంగై సుమున్‌లో జరిగే అమ్మవారి పండుగను ఎంచుకున్నాను. మా తాత అక్కడి రబ్బరు ఎస్టేటులో గుమాస్తా. పొద్దున్నే రిజిస్టరు చూసి కూలీల పేర్లు పిలిచేవాడు. మా ఇంటివాళ్ళం ఎప్పుడూ ఘటం ఎత్తలేదు. వరండాలో నిలబడి చూసేవాళ్ళం. ఇప్పుడు ఎస్టేటు ముక్కలైపోయింది. పాత కూలీ లైను ఇళ్ళవాళ్ళు రోడ్డు పక్క కాలనీకి మారారు. గుడి మాత్రం పామాయిల్ తోట అంచున అక్కడే ఉంది. పసుపు రాసిన కుండలో చద్దన్నం, పైన వేపాకు, ఆపైన దీపం పెట్టి, కాలనీలో మొదటి ఇంటి నుంచి గుడి దాకా నెత్తిన మోసుకెళ్తారు. నేను అడుగులు లెక్కపెట్టాను: వెయ్యిన్నూట నలభై.

మే పదో తేదీ, ఆదివారం, తొమ్మిది మంది పెద్దవాళ్ళను గుడి ముందు రేకుల పందిరిలో కూర్చోబెట్టి అడిగాను. నేను గ్రంథాలయం మనిషినని చెప్పినా వాళ్ళకు నేను టీచరమ్మనే. చేతిలో పుస్తకం ఉంటే టీచరే.

ఎనిమిది మంది ఒక్కమాటే చెప్పారు. ఎత్తిన ఘటం దారిలో దింపకూడదు, నేరుగా గుడికి వెళ్ళాలి, దింపితే అపచారం. తొమ్మిదో ఆమె తల అడ్డంగా ఊపింది. ఎనభై రెండేళ్ళ మనిషి. తోటలో కలుపు తీస్తూ నలభై ఏళ్ళు వంగిన నడుము ఇక నిటారుగా లేవలేదు.

"నేరుగా కాదమ్మా. సగం దారిలో పాత ఆసుపత్రి మెట్లు ఉన్నాయి గదా, ఆ కాలవ పక్కని. ముందు అక్కడికెల్లాల. ఘటం దింపి, సద్దన్నం పిడికిళ్ళు పెట్టాల. జొరాలొచ్చి అక్కడ పోనోళ్ళకి. ఆళ్ళకి కర్మ సేసినోళ్ళు ఎవులూ నేరు. మాయత్త సెప్పినాది."

పక్కనే కూర్చున్న ఆమె చటుక్కున అందుకుంది. ఆమె ఈమెకు తోడికోడలు, నాలుగేళ్ళు చిన్న. అన్నదమ్ముల భార్యలు, ఒకే అత్త కింద బతికినవాళ్ళు.

"ఓలమ్మో! నాకూ అత్తే గదా అప్పా. నాకెందుకు సెప్పనేదు? నీ సెవిలోనే ఊదినాదేటి?"

"నువ్వు అప్పుడు సినీమాకెల్లిపోనావు."

పందిరంతా నవ్వింది. చిన్నామె నవ్వలేదు. "సచ్చినోళ్ళకి పెట్టిన కుండ అమ్మోరికి పెడతావా? ఎంగిలి కాదేటి? అడుగు, ఈళ్ళందర్నీ అడుగు" అని నావైపు చెయ్యి చూపించింది.

ఎనిమిదికి ఒకటి. నేను లెక్కల మనిషిని. ఎనిమిది మంది మాట పుస్తకానికి తీసుకున్నాను. బయలుదేరేటప్పుడు పెద్దామె నా చేయి పట్టుకుంది. "నా మాట రాసినావా టీచరమ్మా?"

"రాశాను పెద్దమ్మా" అన్నాను. అది అబద్ధం కాదు. నా నోటుబుక్కులో రెండు వరుసలు రాశాను. పుస్తకంలో పెట్టలేదు.

ఆ ఏడాదే కళాశాలలో మతాల చరిత్ర చెప్పిన అధ్యాపకుడొకరు పోతే ఆయన భార్య ఇరవై ఆరు పెట్టెల పుస్తకాలు మాకిచ్చింది. వాటిలో ఒకటి, యూదుల గురువులు తమ మతాచారాలను రెండు వేల ఏళ్ళుగా ఎలా కాపాడుకున్నారన్నది. అలమరలో చోటు తేల్చడానికి నేను మామూలుగా విషయసూచిక, చివరి అధ్యాయం చూసేదాన్ని. ఆ పుస్తకంలో చివరి అధ్యాయం లేఖకుల గురించి. వాళ్ళు ధర్మగ్రంథానికి నకలు రాస్తే అక్షరాలు లెక్కపెట్టేవారట. మొత్తం అక్షరాలెన్ని, సరిగ్గా మధ్యన పడే అక్షరం ఏది, అంతా అంచుల్లో గుర్తు వేసుకునేవారు. అనుమానం వచ్చిన మాటను కూడా దిద్దకుండా ఉన్నది ఉన్నట్టు ఉంచి, తమ అనుమానాన్ని పక్కన రాసేవారు. ఒక్క అక్షరం తగ్గినా ఆ ప్రతిని సరిచేసే దాకా పఠనానికి వాడరు. అరిగిపోయిన ప్రతులను పారెయ్యరు, భూమిలో పూడ్చిపెడతారు, మనిషిని పూడ్చినట్టే.

అది చదివి నేను ఎంత సంతోషించానో చెప్పలేను. ముప్పై ఏళ్ళు నా చాదస్తాన్ని చూసి నవ్విన సహోద్యోగులందరికీ ఆ పేజీ చూపించాను. పక్క బల్ల దగ్గర పనిచేసే తమిళావిడ, "అయితే అక్కా, నువ్వు పోయాక నీ కేటలాగు కార్డులు కూడా నీతోనే పూడ్చిపెడతాంలే" అంది. నేను కూర్చిన పుస్తకాన్ని కూడా ఆ లేఖకుల పద్ధతిలోనే సరిచూశాను. ఒక్కో పేజీలో ఎన్ని పంక్తులు, ఒక్కో పంక్తిలో ఎన్ని మాటలు. 2016 జనవరిలో అచ్చయింది. ఒక్క తప్పు లేదు.

ఆ ఏప్రిల్ ఇరవై నాలుగు, ఆదివారం పండుగ. నన్ను అతిథిగా పిలిచారు. పండుగ సంఘానికి కార్యదర్శి ఒక అమ్మాయి. క్లాంగ్ ఫ్యాక్టరీలో ఇంజనీరు, ఇరవై ఎనిమిదేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటం తక్కువ, చదవడం రాదు. అందుకని నా పుస్తకం మొత్తాన్ని వాళ్ళ నాన్న చేత చదివించుకుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది. అది చూసి నా ఛాతీ ఉప్పొంగిన మాట నిజం.

పెద్దామె ఆ ఏడు ఘటం మోసే ఆమె పక్కనే కర్ర పట్టుకుని నడిచింది. ఆసుపత్రి మెట్ల దగ్గరకు తిరిగే మలుపులో ఆగి, మోస్తున్న ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"ఇటు తిరగాల."

కార్యదర్శి ముందుకొచ్చింది. గట్టిగా కాదు, చాలా మర్యాదగానే చెప్పింది. "అమ్మమ్మా, నో. పుస్తకంలో లేదు. పేజ్ ఫోర్టీన్. స్ట్రెయిట్ గా గుడికి."

"ఏటి నేదు? టీచరమ్మ రాసినాది."

ఇద్దరూ నా వైపు చూశారు. డప్పులు ఆగాయి. ఘటం మోస్తున్న ఆమె ఎండలో నిలబడి ఉంది. నేను ఏదో అనాలి. "పెద్దమ్మా, పుస్తకంలో... అందరూ చెప్పింది రాశాను" అన్నాను.

ఆమె నన్ను చూసింది. కోపం లేదు. లెక్క తప్పిన పిల్లను చూసే చూపు. "అలాగేటి" అని మోచెయ్యి వదిలేసింది. ఘటం నేరుగా వెళ్ళింది. తిరిగి చూస్తే ఆమె మెట్ల వైపు ఒక్కర్తీ వెళ్తోంది, కర్ర మీద, ఖాళీ చేతుల్తో.

గమనించండి. అంతకు ముందు ఏటేటా ఆ మలుపులో గొడవ జరిగేదని తరువాత తెలిసింది. ఒక ఏడు ఆమె నెగ్గేది, మూడేళ్ళు ఓడేది. నోటి మాట ఉన్నన్నాళ్ళూ ఆమెకు మళ్ళీ అడిగే హక్కు ఉండేది. అచ్చులో పడగానే గొడవ తీరిపోయింది. తీర్చింది నేను.

సోమవారం ఆఫీసుకు వెళ్ళి, యూదుల గురువుల పుస్తకాన్ని అలమరలోంచి తీసి మొదటి నుంచి చదివాను. చివరి అధ్యాయం చదివి పొంగిపోయినదాన్ని మొదటివి చదవనేలేదు కదా.

రోమన్లు యెరూషలేము ఆలయాన్ని తగలబెట్టారు. బలులు, అర్చనలు అన్నీ ఆ ఆలయంలోనే జరగాలి. అదే పోయాక ఇక మతమేముంది? ముట్టడిలో ఉన్న నగరం నుంచి ఒక వృద్ధ గురువును శిష్యులు శవపేటికలో పెట్టి బయటకు చేర్చారని కథ. ఆయన రోమన్ సేనాపతిని నగరాన్ని అడగలేదు, ఆలయాన్ని అడగలేదు. సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక చిన్న ఊరిని, అందులోని పండితులను తనకు వదిలెయ్యమన్నాడు. అక్కడ కూర్చుని గురువులు శిష్యులకు నోటితోనే నేర్పారు. రాయడం వాళ్ళకు ఇష్టం లేదు. తరాలు గడిచాక, చెదిరిపోతున్న జనంతో పాటు మాటలు కూడా పోతాయన్న భయంతో రాశారు. ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరితో ఒకరు వాదించుకుంటూ చదవడం వాళ్ళ పద్ధతి. ఇప్పటికీ అంతేనట.

రాసినప్పుడు ఏం చేశారో చూడండి. ఎక్కువ మంది ఒప్పుకున్న మాట రాశారు. దాని పక్కనే ఓడిపోయిన ఒక్కడి మాట కూడా రాశారు. ఎందుకు రాయాలని వాళ్ళే ప్రశ్న వేసుకున్నారు. రేపు రాబోయేవాళ్ళకు ఆ ఒక్కడి మాటే ఆధారం కావలసి రావచ్చు, అప్పుడు వెతికితే దొరకాలి అన్నది వాళ్ళిచ్చుకున్న జవాబుల్లో ఒకటి. రెండు గురుకులాలు తరతరాలుగా తగువులాడుకుంటే చివరకు ఒకదాని మాట నిలిచింది. ఎందుకు నిలిచింది? తెలివి ఎక్కువని కాదు. వాళ్ళు మెత్తనివాళ్ళు, పాఠం చెప్పేటప్పుడు ఎదుటివాళ్ళ మాట ముందు చెప్పి తమ మాట తరువాత చెప్పేవాళ్ళు, అందుకని.

నేను అక్షరాలు లెక్కపెట్టాను. మనుషుల్లో ఒకరిని వదిలేశాను.

పై అధికారి దగ్గరకు వెళ్ళి పద్నాలుగో పేజీకి సవరణ కాగితం వేద్దామన్నాను. ఆమె పేజీ చూసింది. "ఎనిమిది మంది చెప్పింది ఇదేనా?" "ఇదే." "అయితే తప్పు ఎక్కడుంది పువాన్? తప్పు కానిదానికి సవరణ వెయ్యలేం లా." న్యాయమైన మాట. రెండు రోజులు ఆలోచించి, "సవరణ వద్దు, ఇంకొక మాట అని వేద్దాం" అన్నాను. ఆమె నవ్వి సంతకం పెట్టింది.

ఇక పెద్దామె మాటను పూర్తిగా రాసుకోవాలి. నా దగ్గరున్నది రెండు వరుసలే. ఎన్ని పిడికిళ్ళు, ఏ చేత్తో, ఏమని చెబుతూ, ఏదీ అడగలేదు. అప్పుడు మా గ్రంథాలయంలో ఏటేటా జరిగే పుస్తకాల తనిఖీ నడుస్తోంది. మే ఒకటో తేదీ, ఎనిమిదో తేదీ, రెండు ఆదివారాలు నాకు ఖాళీగానే ఉన్నాయి. కాళ్ళు నొప్పులని ఇంట్లో పడుకున్నాను. మే పన్నెండున ఆమెకు పక్షవాతం వచ్చింది. ఎడమ వైపు పడిపోయింది, మాట పూర్తిగా పోయింది.

నేను వెళ్ళింది మే ఇరవై తొమ్మిదిన.

వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో తలగడల మధ్య కూర్చోబెట్టి ఉన్నారు. తోడికోడలు గిన్నెలో జావ కలుపుతూ చెంచాతో తాగిస్తోంది. నన్ను చూసి పెద్దామె కళ్ళు కదిలాయి, పెదవి ఒక పక్క వణికింది. నేను నేల మీద కూర్చుని, ఎవరికి చెబుతున్నానో తెలియకుండానే చెప్పాను. "పెద్దమ్మ మాట పుస్తకంలో వేద్దామని వచ్చాను. ఆలస్యం చేశాను. ఇప్పుడెవరిని అడగాలి?"

చిన్నామె చెంచా ఆపింది. "నన్నడుగు."

"మీరు అది ఒప్పుకోరు కదా పిన్నీ?"

"ఒప్పుకోను. అయితే? నలభై ఏళ్ళు దెబ్బలాడినాను దీంతో. దీని మాట నాకు తెలీక ఎవులికి తెలుస్తాది? ఇది తలూపితే సాలు, ఏటంటాదో నాకెరిక. రాసుకో."

గిన్నె పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. మలుపు దగ్గర డప్పు ఆపాలి. మూడు మెట్లలో కింది మెట్టు మీద వేపాకు పరిచి ఘటం దింపాలి. ఎడమ చేత్తో పెట్టాలి, కుడిచెయ్యి అమ్మవారిది. ఎంగిలి కాకుండా, పెట్టిన చెయ్యి కాలవలో కడుక్కున్నాకే మళ్ళీ ఘటం ముట్టుకోవాలి. తన అభ్యంతరానికి పెద్దామె చెప్పిన జవాబును కూడా ఆమే చెప్పింది. నా కలం పరుగెడుతోంది.

"మూడు పిడికిళ్ళు..."

టక్ టక్ మని చప్పుడు. పెద్దామె కుడిచేతి వేలు కుర్చీ చెయ్యి మీద కొడుతోంది.

చిన్నామె తిరిగి చూసింది. "ఏటి? మూడు గాదా?"

టక్ టక్.

"ఆ... నాలుగు, నాలుగు. సరే తల్లీ, తప్పు నాదే, కొట్టకు." నా వైపు తిరిగింది. "మూడు ముగ్గురికి. అత్తతో పాటు ఓడలో వొచ్చినోళ్ళు, ఆళ్ళ పేర్లు అత్తకి తెలుసు. నాలుగోది, ఎవులి పేరు ఎవులికీ గురుతు నేదో ఆళ్ళకి."

వేలు ఆగింది.

మా తాత రిజిస్టరు గుర్తొచ్చింది. పోయినవాళ్ళ పేరు మీద అడ్డగీత కొట్టి, మర్నాడు పొద్దున్న ఆ గీత కింది పేరు నుంచి పిలిచేవాడట.

రాసింది మొత్తం చదివి వినిపించాను. కుర్చీ చెయ్యి మీద ఒక్కసారి కూడా చప్పుడు కాలేదు. లేచేటప్పుడు చిన్నామె, "పుస్తకంలో దీని మాట ముందెయ్యి. నాది ఎనకాల. నాది గెలిసిందే గదా, ఎక్కడున్నా కనబడతాది" అంది. ఆమె ఏ గురుకులంలోనూ చదవలేదు. రబ్బరు పాలు తీసింది, సంతకం చెయ్యడం కూడా రాదు.

పద్నాలుగు, పదిహేను పేజీల మధ్య అతికించేలా ఒక కాగితం అచ్చు వేయించాను. రెండు వందల ప్రతుల్లో నూట అరవై మూడు దొరికాయి. ఒక్కోదానికి నా చేత్తోనే అంచుకు జిగురు రాసి అతికించాను. తక్కిన ముప్పై ఏడు ఎక్కడున్నాయో తెలియదు. వాటిలో తొమ్మిదో ఆమె ఇప్పటికీ లేదు.

2017 ఏప్రిల్ ఇరవై మూడున మళ్ళీ పండుగ. ఆ ఏడు ఘటం తానే ఎత్తుతానని చిన్నామె పట్టుబట్టింది. ఎనభై ఏళ్ళు. ఎవరు కాదన్నా వినలేదు. పెద్దామెను చక్రాల కుర్చీలో తెచ్చి మలుపులో గొడుగు కింద ఉంచారు. కార్యదర్శి అమ్మాయి చేతిలో కొత్త కాగితంతో సహా పుస్తకం ఉంది. ఈసారి ఇంగ్లీషు అక్షరాల్లో కాదు, తెలుగులోనే కూడబలుక్కుని, మలుపు దగ్గర రెండు మాటలూ పైకి చదివింది. పెద్దామెది ముందు. చదివాక అడిగింది, "అమ్మమ్మా, ఏ పక్క?"

"సూటిగా. నా మాట నాదే" అంది చిన్నామె, మెడ తిప్పకుండా.

పది అడుగులు వేసింది. ఆగిపోయింది.

"మోకాలు లాగేస్తన్నాది. దింపాల."

"ఇక్కడా అమ్మమ్మా?"

"నడిరోడ్డు మీద దింపుతావేటి గుంటా? అదిగో, అటు మెట్టుంది గదా."

పొద్దున్నుంచి కాలనీ అంతా మూడుసార్లు తిరిగిన మనిషి. డప్పు ఆగింది. ఆమె కింది మెట్టు మీద వేపాకు పరిపించి ఘటం దింపింది. మోకాలు రుద్దుకుంటూ కూర్చుని, ఎడమ చెయ్యి కుండలో పెట్టింది. నేను లెక్కపెడుతున్నాను. ఒకటి. రెండు. మూడు. చెయ్యి ఆగింది. రోడ్డు మీద కుర్చీలో పెద్దామె వేలు పైకి లేచింది.

"తెలుసప్పా, తెలుసు" అంది చిన్నామె, అటు చూడకుండానే.

కాలవలో చెయ్యి కడుక్కుని ఆమె ఘటం ఎత్తుకున్నాక నోటుబుక్కు తెరిచాను. ముందు, నాలుగు పిడికిళ్ళు అని రాశాను. దాని కింద, ఘటం దించిన కారణం మోకాలి నొప్పి, అని ఆమె మాట.